గులాబి కాగితం అయిపోయిన రోజు

"ప్రతి జవాబు కిందా 'ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు' అని రాసేది మీరేనా?"

శాసనసభ క్యాంటీన్‌లో కాఫీ కోసం వరుసలో నిలబడి నేను ఆమెతో అన్న మొదటి మాట ఇది. ఇంతకంటే మంచి మాటతో మొదలుపెట్టి ఉండాల్సింది. కానీ ఆ ఉదయమే నా ఐదో ప్రశ్న కూడా అటకెక్కింది, కడుపు మండిపోతోంది, ఎదురుగా ఉన్న అమ్మాయి మెడలో రవాణా శాఖ కార్డు వేలాడుతోంది.

ఆమె వెనక్కి తిరిగింది. కోపగించుకోలేదు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఇంకోసారి చూసింది.

"ఉత్పన్నం కాని ప్రశ్నలు రాసేది మీరేనా?" అంది.

మా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కాఫీ పోస్తున్న ఆయన పోయడం ఆపి మరీ విన్నాడు.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను ఒక ప్రతిపక్ష సభ్యురాలికి సహాయకుణ్ణి. ఆవిడ రాజకీయాల్లోకి రాకముందు ఇరవై రెండేళ్లు బస్సు కండక్టరు. అధ్యక్షుల వారితో సహా అందరూ ఆవిడని కండక్టరమ్మ అనే పిలుస్తారు. చర్చలో ఎవరైనా అడ్డం వస్తే, "ఎక్కేవాళ్లు ఎక్కండి, దిగేవాళ్లు దిగండి, మెట్టు మీద నిలబడొద్దు" అంటుంది. అంతటితో వాళ్లు కూర్చుంటారు. ఆవిడ సభలో మంత్రుల్ని అడిగే ప్రశ్నలు నేను రాస్తాను. రాసి పంపాక సంబంధిత శాఖలో ఎవరో కూర్చుని జవాబు తయారుచేస్తారు. మంత్రిగారు లేచి దాన్ని చదువుతారు.

బస్సులు రావడం లేదని కండక్టరమ్మకి రోజూ ఉత్తరాలు వచ్చేవి. నేను "గత రెండేళ్లలో ఎన్ని రూట్లు రద్దు చేశారు? ఎందుకు చేశారు? ఎప్పుడు పునరుద్ధరిస్తారు?" అని ఐదుసార్లు రాశాను. ఐదుసార్లూ ఒకటే జవాబు. ఏ రూటూ రద్దు చేయలేదు, మిగతా రెండు ప్రశ్నలూ ఉత్పన్నం కావు.

"ఒక్క రూటూ రద్దు చెయ్యలేదా? అబద్ధం కాదూ?" అన్నాను.

"అందులో అబద్ధం ఒక్క అక్షరం చూపించండి."

"మరి బస్సులేవండీ?"

"అది మీరు అడగలేదు కదా" అని, ఆమె తన కాఫీ తీసుకుని వెళ్లిపోయింది. నా వెనకాయన భుజం తట్టి ముందుకు జరగమన్నాడు.

మర్నాడు నాలుగింటికి నేను మళ్లీ అదే వరుసలో ఉన్నాను. కాఫీ అంటే నాకు పెద్ద ఇష్టం లేదు. అయినా ఆ నెల అంతా తాగాను.

మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. బస్సుల గురించి మాట్లాడుకోకూడదు. తనది ప్రభుత్వం వైపు, నాది ఎదుటి వైపు, నోరు జారితే ఇద్దరికీ ముప్పే. కాబట్టి మిగతావన్నీ మాట్లాడుకున్నాం. వాళ్ల నాన్న కూడా అదే సెక్షన్‌లో ముప్పై ఏళ్లు జవాబులు రాసి రిటైరయ్యారట. ఇంట్లోనూ అదే ధోరణట.

"అమ్మ 'కూరలో ఉప్పు సరిపోయిందా' అంటే 'సమాచారం సేకరిస్తున్నాం' అంటారు. 'ఎప్పటికి తేలుతుంది' అంటే 'గడువు చెప్పడం సాధ్యం కాదు' అంటారు."

"మీ అమ్మగారు ఊరుకుంటారా?"

"మర్నాడు ఉప్పు వెయ్యదు. అప్పుడు సమాచారం వెంటనే అందుతుంది."

నవ్వితే ఆమె ముందు కళ్లతో నవ్వేది. పెదవులదాకా రావడానికి కాస్త వ్యవధి పట్టేది. ఆ వ్యవధిలో నేను చెప్పాల్సింది మర్చిపోయేవాణ్ణి.

అవి వానలు పడే రోజులు. ఆమె ఎప్పుడు వచ్చినా చెప్పులు బురదగా, చీర అంచు తడిగా ఉండేది. ఒకసారి ఏడిపించాను.

"శాఖ వాళ్లు మీకు చెప్పుల బ్రష్ కూడా ఇవ్వరా?"

"బస్సు ఎక్కాలంటే కొంచెం నడవాలి."

"కొంచెం అంటే?"

"ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని కప్పు చాటున మొహం దాచుకుంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. అడగాల్సిన ప్రశ్నని వదిలేయడం నాకు అప్పటికే బాగా అలవాటు.

నా ఆరో ప్రశ్నకి అదృష్టం పట్టింది. సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నల జాబితాలో చోటు దొరికింది. అలాంటి ప్రశ్నకి మంత్రిగారు జవాబు చదివాక, సభ్యురాలు అక్కడికక్కడే లేచి అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. మంత్రి అక్కడికక్కడే చెప్పాలి. మేకు దిగబడేది అక్కడే.

ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి, రివాజు ప్రకారం, జవాబు కాపీ కవరులో మా గదికి వచ్చింది. చింపి చూశాను. ఒకే కాగితం ఉండాలి. నాలుగున్నాయి. పై కాగితం మామూలు జవాబే. దాని కింద మూడు కాగితాల మీద ఇలా ఉంది: "అనుబంధ ప్రశ్నలకు నోట్. మంత్రిగారి ఉపయోగానికి మాత్రమే."

ఆ నోట్ గురించి వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. ఎదుటి పక్షం ఇంకా ఏమేం అడగొచ్చో ఊహించి, ప్రతిదానికీ నిజమైన జవాబు పక్కన రాసి మంత్రి చేతికిస్తారు. అడిగితే చెప్పడానికి. అడక్కపోతే ఆ కాగితం అలాగే ఫైల్లోకి వెళ్లిపోతుంది. పొరపాటున వేరే కాగితాల్లో కలవకుండా దాన్ని ఎప్పుడూ గులాబి రంగు కాగితం మీదే తీస్తారు. ఇది తెల్లగా ఉంది.

మూసేయాల్సింది. మూయలేదు. చదివాను.

"రూట్లు రద్దు కాకపోతే ట్రిప్పులు ఎన్ని తగ్గాయి?" ఇది మొదటిది. రోజుకి తొమ్మిది వందల నలభై నుంచి మూడు వందల పదికి. "రోజుకి ఒక్క ట్రిప్పు మాత్రమే మిగిలిన రూట్లు ఎన్ని?" అరవై మూడు. "ఆ ఒక్కటి ఎందుకు ఉంచారు?" ఒక్కటి నడిచినా రూటు లెక్కలో ఉంటుంది. "ప్రసూతి ఆసుపత్రికి మధ్యాహ్నం వెళ్లే బస్సు ఏది?" లేదు.

నేను ఐదుసార్లు రాసి కూడా కనిపెట్టలేని ప్రశ్నలు. నేను రూట్లు అడిగాను. అడగాల్సింది ట్రిప్పులు. మొత్తం పంతొమ్మిది ఉన్నాయి. చదువుతుంటే నా మీద నాకే జాలి వేసింది. చిట్టచివరిది ఇలా ఉంది:

"పద్నాలుగో రూటు చివరి స్టాపులో ఎక్కాల్సినవారు ఇప్పుడు ఎంత దూరం నడుస్తున్నారు?" జవాబు: మూడున్నర కిలోమీటర్లు.

ఆ బురద చెప్పులు గుర్తొచ్చాయి.

ప్రేమ ఎప్పుడు పుట్టిందని నన్నెవరైనా అడిగితే, తొమ్మిదీ ఇరవైకి, పంతొమ్మిదో ప్రశ్న దగ్గర అని చెబుతాను. క్యాంటీన్‌లో కలిగినదంతా ఇష్టం. ఇది వేరు. రోజూ అంత దూరం నడిచి వచ్చి, కుర్చీలో కూర్చుని, నా మీద గెలవడానికి మంత్రిగారికి కత్తులు నూరి ఇస్తూనే, నేను అడిగితే బాగుండునని ఆమె ఎక్కడో అనుకుని ఉండాలి. లేకపోతే అంత బాగా రాయగలిగేది కాదు.

"జవాబొచ్చిందా అబ్బాయ్?" లోపలి గదిలోంచి కండక్టరమ్మ కేక.

"వచ్చిందమ్మా." పై కాగితం ఆవిడ బల్ల మీద పెట్టాను. మిగతా మూడూ చొక్కా లోపల దాచి, వానలోకి పరుగెత్తాను.

సచివాలయం సభకి ఎదురుగానే ఉంటుంది. మూడో అంతస్తులో వాళ్ల సెక్షన్. ఆమె నేల మీద కూర్చుని చెత్తబుట్ట బోర్లించి కాగితాలు ఏరుతోంది. నన్ను చూసి లేచింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇవి మా కవర్లో వచ్చాయి" అన్నాను.

అందుకుని మూడు కాగితాలూ రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

"నిన్న సాయంత్రం గులాబి కాగితం అయిపోయింది. స్టోరు కట్టేశారు. తెల్లదాని మీద తీశాను. కవర్లు అంటించింది కూడా నేనే" అంది. తర్వాత తలెత్తి, "చదివారా?" అని అడిగింది.

లేదనొచ్చు. అనడానికి చాలా సులువు.

"చదివాను."

"ఎన్ని?"

"పంతొమ్మిదీ."

కుర్చీలో కూలబడింది. "నోట్ కనిపించడం లేదని డైరెక్టరుగారికి పొద్దున్నే చెప్పేశాను. ఇందులో ప్రశ్న ఒక్కటి సభలో వినిపించినా నన్ను ఇంటికి పంపిస్తానన్నారు. నేను అమ్ముకున్నాననే అనుకుంటారండీ. కాదని ఎవరు నమ్ముతారు?"

"నమ్మక్కర్లేదు. వినిపించదు."

"మీరెందుకు తెచ్చిచ్చారు? పదేళ్లు కాచుకు కూర్చున్నా మీకిలాంటిది దొరకదు."

"నావైతే అడిగించేవాణ్ణి. ఇవి మీవి."

ఆమె కళ్లు తుడుచుకోవడానికి పక్కన ఏమీ దొరక్క, నేను తెచ్చిన కాగితాలతోనే తుడుచుకోబోయి, చూసుకుని, ఆపేసింది. ఏడుపులోనే నవ్వొచ్చింది ఇద్దరికీ.

అప్పటికి పది. సభ పదకొండింటికి. నా అసలు గండం మా గదిలో ఉంది.

కండక్టరమ్మ దగ్గర నేనేదీ దాచలేదు ఎప్పుడూ. ఆ రోజు కూడా దాచకూడదనుకున్నాను. కాగితం వచ్చిందనీ, చదివాననీ, తిరిగిచ్చేశాననీ చెప్పాను.

"ఏముంది అందులో?"

"చెప్పనమ్మా."

"ఒరేయ్, ఎవరి ఉప్పు తింటున్నావురా నువ్వు?"

"మీదేనమ్మా."

"అరవై మంది ఆడవాళ్లు సంతకాలు పెట్టిన ఉత్తరం ఇదిగో, ఈ బల్ల మీద ఉంది. ఆసుపత్రికి నడిచిపోతున్నారట. వాళ్లకి ఏం చెప్పమంటావ్? మా అబ్బాయి మర్యాదస్తుడు, నోరు విప్పడు అని చెప్పనా?"

ఆవిడ అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు.

"నన్ను తీసేయండమ్మా. కానీ చెప్పను. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది."

కండక్టరమ్మ కళ్లజోడు తీసింది. "కాఫీ పిల్లా?" అంది.

నేను నేల చూపులు చూశాను. ఆవిడ కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఇరవై రెండేళ్లలో నా బస్సులో ఎన్ని సంచులు మర్చిపోయారో లెక్కలేదు. ఒక్కటీ విప్పి చూడలేదు. డిపోలో అప్పజెప్పేశాను. నువ్వు విప్పి చూశావు, అది నీ తప్పు. తిరిగిచ్చావు కాబట్టి బతికిపోయావు. పద, టైమవుతోంది."

"ఇవాళ ఏం అడుగుతారమ్మా?"

"ఏం అడిగితే ఆ పిల్ల మెడకి చుట్టుకుంటుందో నాకు తెలీదు. తెలిసినవాడివి నువ్వు చెప్పవు. ఇంకేం అడగను?"

సభలో మంత్రిగారు జవాబు చదివి కూర్చున్నారు. అధ్యక్షులు "అనుబంధ ప్రశ్నలు" అన్నారు. కండక్టరమ్మ లేచింది. పైన అధికారుల గ్యాలరీలో ఆమె, పక్కన డైరెక్టరుగారు. సందర్శకుల వరుసలో నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"అధ్యక్షా, ఇవాళ నాకు అనుబంధ ప్రశ్నలు లేవు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అవతలి పక్షం బల్లలు చరిచి మరీ నవ్వింది. మా పక్షం వాళ్లు తలలు పట్టుకున్నారు. మర్నాడు ఒక పత్రిక "కండక్టరమ్మ దగ్గర టికెట్లు అయిపోయాయి" అని రాసింది. ఆవిడ అది చదివి మడిచి పక్కన పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని నాకు అనిపించింది.

సమావేశాలు ముగిశాయి. తర్వాతి సమావేశాలకి రెండు నెలల గడువుంది. మొదటి రోజే కండక్టరమ్మ గొడుగు తీసింది.

"బస్సు ఎక్కుదాం పద. నీ ప్రశ్నలన్నీ కుర్చీలో కూర్చుని రాసినవి. ఈమధ్య నావీ అంతే."

మూడు వారాలు స్టాపుల్లో నిలబడ్డాం. ఆవిడ ఒక పాత నోటుబుక్కులో వచ్చిన ప్రతి బస్సూ, రాని ప్రతి బస్సూ రాసుకుంది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి మీద కొట్టింది.

"నువ్వు రాయకు. లెక్కపెట్టకు. నువ్వు చదివావు. గొడుగు పట్టుకో చాలు."

అలా నేను మూడు వారాలు గొడుగు పట్టుకున్నాను. ఆవిడ నాలుగో రోజుకే ట్రిప్పుల సంగతి కనిపెట్టేసింది. వారం తిరిగేసరికి ఆసుపత్రి సంగతి. పెదవి బిగబట్టి నిలబడటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

పద్నాలుగో రూటు చివరి స్టాపుకి తెల్లవారుజామున వెళ్లాం. ఐదూ పదికి, ఆ రూటులో మిగిలిన ఒకే ఒక్క బస్సు వచ్చింది. నిండా జనం. మేమూ ఎక్కి డిపోదాకా వెళ్లాం. కండక్టరమ్మ దిగేటప్పుడు మీసాలు లేకపోయినా మీసం మెలేసినట్టు నా వైపు చూసింది. ఏం చూసిందో నాకు తెలియలేదు. అది నోట్‌లో లేదు.

అక్కడినుంచి ఆటోలో మళ్లీ చివరి స్టాపుకి వచ్చేసరికి ఎనిమిదయింది. సన్నగా జల్లు పడుతోంది. రోడ్డు మలుపులో ఆమె కనిపించింది. చెప్పులు చేతిలో పట్టుకుని, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచి వస్తోంది. నన్ను చూసి చటుక్కున కుచ్చిళ్లు వదిలేసింది. అవి సరిగ్గా గుంటలో పడ్డాయి.

"మీరా! ఇక్కడేం చేస్తున్నారు?"

"గొడుగు పట్టుకుంటున్నాను."

కండక్టరమ్మ నోటుబుక్కులో తలదూర్చి, "ఆ గొడుగు అమ్మాయికి పట్టు. నేను తడిస్తే కరిగిపోను" అంది.

వేరే బస్సు దొరికే పెద్ద రోడ్డుదాకా మూడున్నర కిలోమీటర్లు కలిసి నడిచాం. గొడుగు ఒకటే కాబట్టి నా ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడిసిపోయాయి. మధ్యలో ఉన్న రెండు భుజాలూ తగలకుండా చాలా జాగ్రత్తగా నడిచాం.

"మీరంటే నాకు చాలా ఇష్టం" అన్నాను రెండో కిలోమీటరులో.

ఆమె ఆగలేదు. కాస్త నెమ్మదించింది.

"మీ కండక్టరమ్మగారి ప్రశ్న మళ్లీ వస్తుంది కదా?"

"వస్తుంది. ఈసారి ఆవిడే రాస్తుంది. నేను ముట్టుకోను."

"జవాబు మళ్లీ నేనే రాయాలి. అందాకా మనం కాఫీ కూడా కలిసి తాగకూడదు. ఇవాళ్టి నడక కూడా తప్పే."

"నేను అడిగినదానికి జవాబు?"

"సమాచారం సేకరిస్తున్నాం" అంది రోడ్డు వైపు చూస్తూ. కళ్లు మాత్రం అప్పటికే నవ్వేశాయి.

రెండు నెలలు కాఫీ లేదు. ఇష్టం లేని కాఫీ కోసం మనిషి అంత అల్లాడతాడని నేననుకోలేదు.

ఆ రోజు వచ్చింది. ఈసారి ప్రశ్న కండక్టరమ్మ స్వయంగా రాసింది, ట్రిప్పులు ఎన్ని అని, అనుమానం ఎవరి మీదకీ పోకుండా తన నోటుబుక్కు లెక్కలు జతచేసి. శాఖ దాపరికం లేకుండా జవాబిచ్చింది. అడిగారు కాబట్టి. తొమ్మిది వందల నలభై, మూడు వందల పది అని మంత్రిగారు చదువుతుంటే సభలో గుసగుసలు మొదలయ్యాయి. అయినా ఆయన తడబడలేదు.

"అధ్యక్షా, కొన్ని రూట్లలో జనం లేరు. అయినా రోజుకి ఒక ట్రిప్పు ప్రజల సౌకర్యం కోసమే నడుపుతున్నాం" అన్నారు.

కండక్టరమ్మ లేచింది.

"అధ్యక్షా, నాకు ఒకే ఒక్క అనుబంధ ప్రశ్న. పద్నాలుగో రూటులో ఉదయం ఐదూ పది ట్రిప్పులో పోయిన నెల ఎన్ని టికెట్లు తెగాయి?"

మంత్రిగారు గులాబి కాగితాలు తిరగేశారు. ముందుకి, వెనక్కి. లేదు. పంతొమ్మిది ప్రశ్నలు ఊహించిన అమ్మాయి కూడా దీన్ని ఊహించలేదు. టికెట్ కొట్టిన చేతికే తట్టే ప్రశ్న అది. మంత్రిగారు అధికారుల గ్యాలరీ వైపు చూశారు.

అక్కడ ఏం జరిగిందో నాకు తర్వాత ఆమే చెప్పింది. డైరెక్టరుగారు చీటీ ముందుకు తోసి, "సమాచారం సేకరిస్తున్నామని రాయి" అన్నారట. ఒడిలో డిపో పట్టిక ఉంది. ఆమె చూసుకుంది.

"సార్, సమాచారం ఉంది."

"ఉంటే?"

"ఉండగా లేదని రాస్తే అబద్ధమవుతుంది సార్. మన సెక్షన్‌లో ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు. మా నాన్న కూడా."

ఆయన ఆమె మొహంలోకి చూసి, ఇంకేమీ అనకుండా కలం చేతికిచ్చారట. కింద నాకు కనిపించిందల్లా ఒక చీటీ మెట్లు దిగి మంత్రిగారి దగ్గరికి పోవడం. ఆయన హడావుడిలో ముందు చూసుకోకుండా పైకి చదివేశారు.

"సున్నా."

"వినపడలేదు అధ్యక్షా."

"సున్నా టికెట్లు."

"బస్సు నిండా జనం ఉంటారు అధ్యక్షా. నేనూ ఎక్కాను. అందరూ డిపోలో పనిచేసేవాళ్లే. అందరికీ పాసులున్నాయి. కండక్టరు టికెట్ మిషను సంచిలోంచి బయటికి తియ్యలేదు. మీరు ప్రజలకని ఉంచిన ఆ ఒక్క బస్సూ డ్యూటీకి వెళ్లే సిబ్బందిని దింపే బండి. వాళ్ల తప్పేమీ లేదు, నేనూ అలా వెళ్లినదాన్నే. రూటంటే కాగితం మీద గీత. మీరు గీతలు లెక్కపెట్టుకుని బాగుందన్నారు. ఆ గీత వెంట మూడున్నర కిలోమీటర్లు నడిచి ఉద్యోగాలకీ ఆసుపత్రులకీ వెళ్తున్నవాళ్లని ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ పని చెయ్యండి. నేను అడిగేది అదొక్కటే."

ఈసారి బల్లలు రెండు వైపులా మోగాయి. వాన లేకపోయినా కండక్టరమ్మ గొడుగు ఊపుకుంటూ బయటికి వచ్చి, "కాఫీ తాగి రా పో" అంది నాతో. నెల తిరక్కుండానే ఆ అరవై మూడు రూట్లలో అరగంటకో బస్సు నడపాలని ఉత్తర్వు వచ్చింది.

ఒక ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి మేమిద్దరం పద్నాలుగో నంబరు బస్సు ఎక్కాం. వాళ్లింటికి, వాళ్ల నాన్నని చూడటానికి. బస్సు కదిలాక ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. గులాబి రంగుది.

"అనుబంధ ప్రశ్నలకు నోట్" అని పైన రాసి ఉంది. "మీ ఉపయోగానికి మాత్రమే. నాన్న ఏం అడిగినా ఇందులోది చెప్పండి."

పన్నెండు ప్రశ్నలు. ఉద్యోగం పర్మనెంటా? కాదు, కండక్టరమ్మ గెలిచినన్నాళ్లు. ఆవిడ ఓడిపోతే? వేరే ఉద్యోగం చూసుకుంటారు, ఈలోగా అమ్మాయి జీతం ఉంది. వంట వచ్చా? నేర్చుకుంటున్నారు. "నేర్చుకుంటున్నానా?" అన్నాను. "ఇవాళ్టినుంచి" అంది. పన్నెండోది "మా అమ్మాయిలో నీకేం నచ్చింది?" దాని పక్కన ఖాళీ.

"దీనికి జవాబేది?"

"నాకెలా తెలుస్తుంది? మీరే రాసుకోండి" అని కిటికీ వైపు తిరిగింది.

వాళ్ల నాన్నగారు వరండాలో తిన్నగా కూర్చుని ఉన్నారు. పక్కన వాళ్లమ్మగారు. నేను గులాబి కాగితం జేబులో తడుముకుంటూ కూర్చున్నాను. ఆయన ఉద్యోగం సంగతి అడగలేదు. వంట సంగతీ అడగలేదు.

"మా అమ్మాయి ఆ నోట్ పోగొట్టుకున్న రోజు, బాబూ, నువ్వు అది చదివావా?"

ఇది పన్నెండిట్లో లేదు. ఆమె వైపు చూశాను. తనూ తెల్లబోయింది.

"చదివానండీ."

"ఎన్ని గుర్తున్నాయి?"

"అన్నీ."

"ఎన్ని అడిగించావు?"

"ఒక్కటీ లేదండీ."

ఆయన తన చేతులు చూసుకున్నారు. "ముప్పై ఏళ్లు రాశాను. అబద్ధం ఒక్కటీ రాయలేదు. అడగలేదు కదా అని చెప్పని నిజాలు మాత్రం బీరువాలు నిండా ఉన్నాయి. రాత్రిళ్లు అవే గుర్తొస్తాయి" అన్నారు. తర్వాత భార్య వైపు తిరిగి, "నాకు అనుబంధ ప్రశ్నలు లేవు" అన్నారు.

"అంటే సరేననే కదా? ఆ ముక్క నేరుగా అనొచ్చుగా!" అని వాళ్లమ్మగారు విసుక్కుని, ఆ విసురులోనే కళ్లొత్తుకుని, నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి రమ్మన్నారు.

ఎండ వాలుతుండగా ఆమె నన్ను స్టాపుదాకా దిగబెట్టడానికి వచ్చింది. స్టాపు ఇంటికి పాతిక అడుగుల దూరం.

"పన్నెండోది నాన్న అడగలేదు" అంది.

"అడగలేదు."

"అయితే నేను అడుగుతున్నాను."

నేను చాలా అందమైన జవాబు ఒకటి బస్సులో తయారుచేసుకున్నాను. తీరా ఆ కళ్లు చూసేసరికి అది ఎటో పోయింది. నిజం ఒక్కటే మిగిలింది.

"రోజూ అంత దూరం నడిచేది మీరే. ఆ కష్టాన్ని నాదని ఎవరికీ చెప్పుకోకుండా, అందరిదీ కలిపి పంతొమ్మిదో ప్రశ్నగా రాశారు చూడండి. అక్కడ."

ఆమె నా జేబులోంచి గులాబి కాగితం తీసుకుంది. పన్నెండో దాని పక్కన రాసుకుంటుందనుకున్నాను. రాయలేదు. మడిచి తన దగ్గరే పెట్టుకుని, ఆ చెయ్యి నా చేతిలో పెట్టింది.

పద్నాలుగో నంబరు బస్సు వచ్చి మా ముందు ఆగింది. కండక్టరు తల బయటికి పెట్టి, "ఎక్కుతారా, లేదా?" అని అడిగాడు. ఇద్దరం తల అడ్డంగా ఊపాం. అతను విజిల్ వేసి వెళ్లిపోయాడు.

ఇంకో అరగంటలో ఇంకోటి వస్తుంది.